దారిలో ఆగని కారు: మోటారు మరమ్మతుల చరిత్ర

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు రోడ్డు మార్గమున సుమారు 40 కిలోమీటర్లు. కర్నూలు నుండి కడప మీదుగా చిత్తూరు వైపు పోవు జాతీయ రహదారిలో ఇది ఒక భాగము. వెనుకటి పటములలో దీని సంఖ్య 18. 2010లో దేశమందలి రహదారులకు కొత్త సంఖ్యలు ఇచ్చినప్పుడు ఇది 40వ నంబరు రహదారి అయినది. నంద్యాలకు రైలు కలదు. 2016లో నంద్యాల నుండి ఎర్రగుంట్లకు కొత్త రైలు మార్గము తెరచినారు. అది బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా పోవుచున్నది. ఆళ్లగడ్డ ఆ దారిలో లేదు. కాబట్టి ఆళ్లగడ్డ వారికి, అచటి నుండి అహోబిలము పోవు యాత్రికులకు, అర్ధరాత్రి నంద్యాల ఆసుపత్రికి చేరవలసిన రోగికి రోడ్డే గతి. ఇట్టి చోట కారు దారిలో ఆగినదా లేదా అనునది చిన్న విషయము కాదు.

ఒకప్పుడు ఇట్టి దారులలో కారు నడుపువారు నీళ్ల డబ్బా, స్టెప్నీ, జాకీ, స్పానర్ల సంచి, అదనపు ఫ్యాను బెల్టు వెంట పెట్టుకొనెడివారు. నేడు కారున్న వారిలో పలువురు బానెట్టు ఎత్తి చూడనైనను చూడరు. కారు ఇంత నమ్మదగిన యంత్రముగ ఎట్లు మారినది? ఈ మార్పులో యజమానికి దక్కినదేమి, చేజారినదేమి? ఈ ప్రశ్నలకు సమాధానము మోటారు మరమ్మతుల చరిత్రలో ఉన్నది.

మొదటి ప్రయాణము, మొదటి మరమ్మతు

జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ అను ఇంజనీరు 1886 జనవరి 29వ తేదీన తన మూడు చక్రముల మోటారు బండికి పేటెంటు కోరెను. బండి నడచునని ఆయనకు తెలియును. జనమునకు మాత్రము నమ్మకము కలుగలేదు. 1888 ఆగస్టు నెలలో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండ, ఇద్దరు కుమారులను వెంట పెట్టుకొని మన్‌హైమ్ పట్టణము నుండి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న తల్లి ఇంటికి ఆ బండిలో బయలుదేరెను. దూరము 100 కిలోమీటర్లకు పైమాట. లోకములో మోటారు బండిపై జరిగిన మొదటి దూరప్రయాణము ఇదియే.

దారిలో ఇంధనము అయిపోయినది. పెట్రోలు బంకులు లేని కాలము. మరకలు తుడుచుటకు మందుల షాపులో అమ్మెడి లిగ్రాయిన్ అను ద్రవమును వీస్లోహ్ గ్రామములో కొని ఆమె బండిలో పోసెను. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపరచెను. విద్యుత్తు తీగ ఒరసికొనిన చోట మేజోడు కట్టు చుట్టి బంధకముగ వాడెను. అరిగిన బ్రేకు దిమ్మెలకు చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించెను. ఇంజనును చల్లార్చు నీరు ఆవిరియై పోవుచుండగా దారి పొడవునను నీరు పోయవలసి వచ్చెను. ఎత్తుల వద్ద కుమారులు బండిని నెట్టిరి.

ఇంధనము, విద్యుత్తు, చల్లదనము, బ్రేకులు: కారు యజమానిని ఆ తరువాత నూరేండ్లు వేధించిన నాలుగు చిక్కులును ఆ ఒక్క ప్రయాణముననే కనబడినవి. వాటిని తీర్చిన మొదటి మెకానిక్కు బెర్తా బెంజ్. ఆమె చెప్పిన అనుభవమును బట్టియే ఎత్తులు ఎక్కుటకు బండికి మరియొక గేరు అమర్చిరి.

మార్చదగిన భాగములు

తొలి కార్లలో ఏ భాగమునకు ఆ భాగము చేతితో రాకి అమర్చినది. ఒక కారు పిస్టను అదే కంపెనీ చేసిన మరియొక కారులో పట్టెడిది కాదు. 1908లో అమెరికాకు చెందిన కాడిలాక్ కంపెనీ ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ మైదానమున ఒక పరీక్షకు ఒప్పుకొన్నది. మూడు కార్లను విప్పి, భాగములను కలగలిపి, మామూలు పనిముట్లతో తిరిగి బిగించిరి. మూడును నడిచినవి; ఒక్కొక్కటి 500 మైళ్లు తిరిగినది. దుకాణములో కొన్న భాగము సానబట్టకుండ కారులో అతుకుటకు పునాది ఈ కొలతల కచ్చితత్వమే. అదే సంవత్సరము వెలువడిన ఫోర్డు మోడల్ టి కారు 1927 వరకు కోటీ యాభై లక్షలకు పైగా తయారైనది. రైతులు దానిని పొలము గట్టుననే విప్పి బాగుచేసికొనెడివారు.

మన వారు అదనపు చక్రమును స్టెప్నీ అందురు. ఆ మాటకును ఒక చరిత్ర కలదు. తొలి కార్లకు అదనపు చక్రము ఉండెడిది కాదు. బ్రిటనులోని వేల్స్ ప్రాంతమున, లానెల్లీ పట్టణపు స్టెప్నీ వీధిలో, 1904 ప్రాంతమున పంచరైన చక్రముపై బిగించుకొనదగిన టైరు చట్రమును తయారుచేసిరి. వీధి పేరు వస్తువునకు వచ్చినది. ఆ వస్తువు మూలపడి చాల కాలమైనను పేరు మాత్రము మన దేశమున నిలిచినది. ఎడ్ల లాడముల మేకులు, తుమ్మ ముండ్లు పడి ఉండెడి రాయలసీమ రోడ్లపై దాని అవసరము వేరుగ చెప్పనక్కరలేదు.

1912లో కాడిలాక్ కారునకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమర్చిరి. అదియే మన డ్రైవర్లు సెల్ఫు అని పిలుచునది. అంతకు ముందు ఇనుప హ్యాండిలు త్రిప్పి ఇంజను కదిలించెడివారు. ఇంజను ఎదురు తన్నినచో చేయి విరిగెడిది.

అంబాసిడరు కాలము

స్వాతంత్ర్యమునకు ముందు విదేశీ కంపెనీలు భాగములను దిగుమతి చేసి మన దేశమున బిగించి అమ్మెడివి. 1953లో ప్రభుత్వము, ఇచ్చటనే తయారుచేయు ఉద్దేశము లేని కంపెనీలకు అనుమతి ఉండదని నిర్ణయించినది. జనరల్ మోటార్స్, ఫోర్డు అప్పుడు తొలగినవి. 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై, బెంగాలులోని ఉత్తర్‌పాడా కర్మాగారమున అంబాసిడరును తయారుచేసినది. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ ఫియట్ 1100 నమూనాను చేసినది. తరువాత దానికే పద్మిని అను పేరు వచ్చినది. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుండి హెరాల్డు కారును చేసినది. అంబాసిడరు 1957-58 ప్రాంతమున మొదలై 2014 మే నెల వరకు తయారైనది. పల్లె దారులకు, అడవి బాటలకు మహీంద్రా వారి జీపు వచ్చినది.

కారు కొనుటకు సంవత్సరముల తరబడి కాచుకొనవలసిన కాలమది. కావున చేతికి వచ్చిన కారును ముప్పది ఏండ్లు నడపవలెనని యజమాని ఆశించెడివాడు. దానికి తగిన చాకిరియు ఉండెడిది. ఉదయముననే రేడియేటరు మూత తీసి నీరు చూడవలెను. కడ్డీ తీసి ఇంజను ఆయిలు మట్టము చూడవలెను. బ్యాటరీ గదులలో డిస్టిల్డ్ వాటరు పోయవలెను. చక్రముల కీళ్లకు గన్నుతో గ్రీజు కొట్టవలెను. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు నిప్పురవ్వలకు మాడి గుంటలు పడగా ఉప్పుకాగితముతో రుద్ది, వాటి నడుమ ఎడము సుమారు 0.4 మిల్లీమీటరు ఉండునట్లు ఫీలరు గేజితో సరిచూడవలెను. కొంత కాలమునకు హెడ్డు దింపి కార్బను గీకి వాల్వులు నూరవలెను. సిలిండరు అరిగి పొగ వచ్చినప్పుడు బోరు చేయించి పెద్ద పిస్టన్లు వేయించవలెను.

ఇన్ని చిక్కులున్నను ఆ కార్లను జనము మెచ్చుకొనుటకు కారణము కలదు. చెడిపోవు భాగము కంటికి కనబడెడిది, చేతికి అందెడిది. ఏ తాలూకా కేంద్రముననైనను షెడ్డు మేస్త్రీకి దాని గుట్టు తెలియును. స్క్రూడ్రైవరు మొనను ఇంజనుపై ఆనించి పిడిని చెవికి చేర్చి శబ్దము వినుట వైద్యుని స్టెతస్కోపు వంటిది: ఘనపదార్థములలో ధ్వని గాలిలో కన్న మేలుగ ప్రయాణించును. ఈ సూత్రమును పాఠములో చదువకున్నను మేస్త్రీకి అది అనుభవమున తెలిసినదే. అట్టి షెడ్లలో స్పానర్లు అందించుచు పని నేర్చిన బాలురు తరువాత మేస్త్రీలైరి.

ఎండ, నీరు, దుమ్ము

కారు చెడిపోవుటకు ప్రాంతమును బట్టియు కారణములుండును. నంద్యాల సీమ కుందేరు లోయలో ఉన్నది. ఇచ్చటి శిలలను భూగర్భ శాస్త్రజ్ఞులు కర్నూలు శ్రేణి అందురు. వాటి పొరలకు ఈ ఊళ్ల పేర్లే పెట్టినారు: బనగానపల్లె క్వార్ట్‌జైటు, నార్జి సున్నపురాయి, ఔకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైటు, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు. ఈ రాళ్లు కారు ఇంజను జీవితములోను కల్పించుకొనుచున్నవి.

ముందుగ నీరు. సున్నపురాతి నేలలోని బావినీటిలో కాల్షియం బైకార్బొనేటు కరగి ఉండును. వేడి చేసినచో అది కాల్షియం కార్బొనేటుగ మారి పాత్రకు గార పట్టును. రేడియేటరులో అట్టి నీరు పోసిన సన్నని గొట్టముల లోపల ఇదే జరుగును. రాగి వేడిని ఈ గార కన్న నూరు రెట్లకు మించి సులభముగ ప్రసరింపజేయును. కనుక పలుచని గార పట్టినను ఇంజను వేడి గాలికి చేరదు, నీరు మరుగును. వేసవిలో నీడపట్టుననే 45 డిగ్రీలు దాటు రోజులున్న ఈ ప్రాంతమున పాత కార్లు రోడ్డు ప్రక్కన మూత తెరచుకొని ఆవిరి క్రక్కుటకు ఇది ముఖ్య కారణము. నేటి కార్లలో నీటికి బదులు ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంటు పోయుదురు. మూత గట్టిగ బిగించి లోపల ఒత్తిడి పెంచుదురు. వాతావరణ పీడనమునకు పైన మరియొక వాతావరణపు ఒత్తిడి ఉన్నచో నీరే సుమారు 120 డిగ్రీల వరకు మరగదు. ప్రెషరు కుక్కరు సూత్రమే ఇది. అందువలననే వేడిగ ఉన్న రేడియేటరు మూతను తీయుట ప్రమాదము: ఒత్తిడి తగ్గిన మరుక్షణము లోపలి ద్రవము భగ్గున మరిగి మీదికి చిమ్మును.

రెండవది ఇంధనము. పెట్రోలు ఒక్క పదార్థము కాదు. అందు తేలికగ మరుగు భాగములు 35, 40 డిగ్రీల వద్దనే ఆవిరగుట ప్రారంభించును. పాత కార్లలో పెట్రోలు పంపు వేడి ఇంజనునకే బిగించి ఉండెడిది. మిట్టమధ్యాహ్నము పంపులో ఆవిరి చేరి పెట్రోలు అందక కారు ఆగెడిది. పంపుపై తడిగుడ్డ వేసి పావుగంట ఆగినచో తిరిగి కదిలెడిది. నీరు ఆవిరగునప్పుడు వేడిని గ్రహించును కదా. కుండలో నీరు చల్లబడు కారణమే ఇచ్చటను పనిచేసినది. నేటి కార్లలో పంపు పెట్రోలు టాంకులోనే మునిగి ఉండి ఇంధనమును ఒత్తిడితో పంపుచున్నది. ఒత్తిడిలో పెట్రోలు త్వరగ మరగదు. తడిగుడ్డ పని తీరినది.

మూడవది దుమ్ము. ఖనిజముల గట్టిదనమును కొలుచు మోస్ మాపకములో సున్నపురాతిలోని కాల్సైటు 3, క్వార్ట్‌జ్ 7. మామూలు చాకు ఉక్కు 5.5 ప్రాంతమున ఉండును. అనగా నాపరాతి పొడి ఇనుమును అంతగ గీరలేదు. క్వార్ట్‌జ్ ఇసుక తప్పక గీరును. ఇంజను ఒక లీటరు పెట్రోలును మండించుటకు వేల లీటర్ల గాలిని పీల్చుకొనును. గాలి వడపోత చిరిగినను, సరిగ బిగియకున్నను ఆ ఇసుక సిలిండరులోనికి పోయి ఆయిలుతో కలసి సానరాయి వలె అరగదీయును. ఆయిలు ఫిల్టరు, గాలి ఫిల్టరు మార్చుటకు పెట్టు ఖర్చు బోరు చేయించు ఖర్చు ముందు లెక్కలోనిది కాదు.

నాలుగవది రేగడి నేల. తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును. దానిపై వేసిన రోడ్డు ఎగుడు దిగుడగును. కారు బుష్షులు, షాక్ అబ్సార్బర్లు త్వరగ అరుగును. వానలు మితిమీరినప్పుడు మరియొక ఆపద కలదు. 2009 అక్టోబరులో కర్నూలు నగరము మునిగినది. 2019 సెప్టెంబరులో నంద్యాల ప్రాంతము వరద పాలైనది. నీట మునిగిన కారును సెల్ఫు కొట్టి కదిలింపబోవుట పెద్ద పొరపాటు. గాలిని పిస్టను అణచగలదు, నీరు అణగదు. సిలిండరులో నీరున్నచో కనెక్టింగు రాడ్డు వంగును. బ్యాటరీ తీగ తీసివేసి, కారును నెట్టుకొని లేదా లాగించుకొని షెడ్డునకు చేర్చుట ఒక్కటే మార్గము.

నమ్మకమునకు లెక్క

రెండవ ప్రపంచ యుద్ధ కాలమున జర్మనీలో పనిచేసిన రాబర్ట్ లుస్సర్ అను ఇంజనీరు పేర ఒక నియమము ప్రసిద్ధమైనది. ఒక యంత్రములో ఏ భాగము చెడినను యంత్రము ఆగునట్లున్నచో, మొత్తము యంత్రపు విశ్వసనీయత అన్ని భాగముల విశ్వసనీయతల లబ్ధమునకు సమానము. నూరు భాగములలో ఒక్కొక్కటి ప్రయాణము పూర్తిచేయు అవకాశము 99 శాతమనుకొందము. ఒక్కొక్క భాగము చాల మంచిదిగనే కనబడును. కాని 0.99ని నూరుసార్లు గుణించిన వచ్చునది సుమారు 0.37 మాత్రమే. అనగా మూడు ప్రయాణములలో రెండింట కారు దారిలో ఆగును. భాగముల నాణ్యతను 99.9 శాతమునకు పెంచినచో కారు విశ్వసనీయత 90 శాతమునకు చేరును. ఒక్కొక్క భాగములో ఒక శాతము కన్న తక్కువ మార్పు మొత్తము ప్రయాణమునే మార్చివేసినది.

ఈ కొద్దిపాటి మార్పు కర్మాగారమున సాధింపవలసినది. దానికి దారి చూపినవాడు అమెరికా దేశపు వాల్టర్ షూహార్ట్. తయారీలో వచ్చు తేడాలను గమనించుటకు ఆయన 1924లో నియంత్రణ పటమును రూపొందించెను. 1947-48లో భారతీయ గణాంక సంస్థ ఆహ్వానముపై ఆయన మన దేశమునకు వచ్చెను. ఆయన మార్గమున నడచిన డెమింగ్ 1950లో జపానులో ఉపన్యసించెను. విద్య రెండు దేశములకును దాదాపు ఒకే కాలమున అందినది. పోటీ లేని మన కారు కర్మాగారములలో దానికి తొందర కలుగలేదు. జపాను కంపెనీలు దానిని దినచర్యగ చేసికొన్నవి. 1982 అక్టోబరులో మారుతి సంస్థ జపానుకు చెందిన సుజుకితో ఒప్పందము చేసికొన్నది. 1983 డిసెంబరు 14న 796 ఘనపు సెంటీమీటర్ల మూడు సిలిండర్ల మారుతి 800 కారు మొదటి యజమాని చేతికి వచ్చినది. ఆ చిన్న కారుతో, ప్రతి ఉదయము బానెట్టు ఎత్తు అలవాటు మెల్లగ తగ్గినది.

పాయింట్ల నుండి కంప్యూటరునకు

మరియొక పెద్ద మార్పు గాలి కాలుష్యమును తగ్గించు ప్రయత్నము వలన వచ్చినది. 1995లో నాలుగు మహానగరములలో కొత్త పెట్రోలు కార్లకు ఉత్ప్రేరక పరివర్తకము తప్పనిసరి అయినది. సీసము ఆ ఉత్ప్రేరకమును పాడుచేయును. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతట సీసము లేని పెట్రోలే మిగిలినది. గాలి, పెట్రోలుల పాలు కచ్చితముగ ఉన్ననే పరివర్తకము పనిచేయును. ఆ కచ్చితత్వము కార్బొరేటరునకు సాధ్యము కాదు. దాని స్థానమున సెన్సార్లు, కంప్యూటరు, ఇంజెక్టర్లు వచ్చినవి. 2017 ఏప్రిలులో బి.ఎస్. 4, 2020 ఏప్రిలులో బి.ఎస్. 6 ప్రమాణములు దేశమంతట అమలైనవి. పాయింట్లు, కార్బొరేటరు చరిత్రలో కలసినవి.

కారు దారిలో ఆగుట తగ్గినది. ఆగినప్పుడు మాత్రము చిక్కు పెరిగినది. దోషము శబ్దములో వినబడదు. స్కానరు అను పరికరమును డాష్‌బోర్డు క్రింది సాకెట్టుకు తగిలించి చదువవలెను. ఆ పరికరమును, భాగములను, వివరములను కంపెనీ షోరూములకే పరిమితము చేసినచో చిన్న ఊరి మెకానిక్కు చేతులు కట్టివేసినట్లే. ఈ విషయము మన దేశమున న్యాయ విచారణకు వచ్చినది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్, విడిభాగములను, రోగనిర్ణయ పరికరములను బయటి మెకానిక్కులకు అందనీయకుండుట పోటీకి విరుద్ధమని 14 కార్ల కంపెనీలపై సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. కంపెనీలు పై న్యాయస్థానములను ఆశ్రయించినవి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కునకై ఒక పోర్టలును ప్రారంభించినది. ఆళ్లగడ్డ వంటి ఊరికి ఇది దూరపు వార్త కాదు. ఊరి షెడ్డులో సరిచేయదగిన దోషమునకు కారును లారీపై ఎక్కించి వేరొక పట్టణమునకు పంపవలసి వచ్చిన, పోవునది ధనము మాత్రమే కాదు. ఊరిలో ఉన్న విద్యయు పోవును.

ఇప్పుడు విద్యుత్ కార్లు వచ్చుచున్నవి. వాటికి ఇంజను ఆయిలు లేదు, ప్లగ్గులు లేవు, సైలెన్సరు లేదు. లుస్సర్ లెక్క ప్రకారము కదలు భాగములు తగ్గిన కొలది నమ్మకము పెరుగవలెను. అయినను బ్యాటరీ ఒక రసాయన యంత్రము. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన రసాయన చర్యల వేగము సుమారు రెట్టింపగునను స్థూల సూత్రము దానికిని వర్తించును. నంద్యాల ఎండ అచ్చటను తన పన్ను వసూలు చేయును.

మారనివి కొన్ని ఉన్నవి. టైరులో గాలి, బ్రేకు ద్రవము, కూలెంటు మట్టము, గాలి ఫిల్టరు, ఆయిలు మార్చు గడువు: వీటిని గమనించుట నేటికిని యజమాని పనియే. ప్రతి మరమ్మతును తేదీతో, మీటరుపై కిలోమీటర్లతో ఒక నోటు పుస్తకములో వ్రాసికొనిన, ఏ భాగము ఎన్ని వేల కిలోమీటర్లకు మారినదో రెండు మూడేండ్లలో తెలియును. ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ ఊరి ఆటోలు, కార్లు, ట్రాక్టర్ల యజమానుల నుండి ఇట్టి వివరములు సేకరించి పటము గీయవచ్చును. కొత్తదనములో కొన్ని దోషములు, నడుమ చాల కాలము ప్రశాంతత, చివర అరుగుదల: రేఖ స్నానపు తొట్టి ఆకారమున రావలెనని గ్రంథములు చెప్పుచున్నవి. నంద్యాల, ఆళ్లగడ్డల రోడ్లపై అది ఆ ఆకారముననే వచ్చునో, ఎండయు దుమ్మును దానిని మార్చునో, పిల్లలు కొలిచి చూడదగిన విషయము.